ముడవని వేళ్ళు

ఈ బల్ల మీద కూర్చోమని చెప్పి గంట కావస్తోంది. చెప్పిన ఆఫీసు ఆయా సత్యవతి మాత్రం టీ కప్పులు పట్టుకుని నా ముందు నుంచే అటొకసారి ఇటొకసారి తిరుగుతూ, పిలుస్తారండీ, సారు ఫోన్లో ఉన్నారండీ అంటోంది. పిలవకపోతేనే నయం అని లోపల అనుకుంటూ పైకి సరేనమ్మా అంటున్నాను. ఆ అద్దాల తలుపు అవతల ఏసీలో కూర్చున్నది వీరేంద్రగారు, ఈ చేపల మేత ఫ్యాక్టరీకి హెచ్చార్ మేనేజరు, నాకంటే బాగా చిన్నవాడు, అయినా గారే. నా కుడిచెయ్యి బాగుపడిందో లేదో ఇవాళ ఆయన తేలుస్తాడట. చెయ్యి నాది, నొప్పి నాది, తేల్చేది ఆయన. బాగుపడింది అంటే రేపటి నుంచి మళ్ళీ బెల్టు దగ్గర మేత బస్తాలు. బాగుపడలేదు అంటే నన్ను ఏలూరులో డాక్టర్ల బోర్డుకి పంపాలట, చెయ్యి ఎంత పోయిందో వాళ్ళు తేలిస్తే బతికినన్నాళ్ళూ ఎంతో కొంత వస్తుందట. అందుకని పొద్దున్న బస్సులోనే గట్టిగా అనుకున్నాను. ఇవాళ వేళ్ళు ముడవను. ముడవమంటే సగం దాకా తెచ్చి ఆపేస్తాను, మొహం కొంచెం చిట్లిస్తాను, అంతకు మించి రావట్లేదండీ అంటాను. అబద్ధమా అంటే సగమే అబద్ధం. వేళ్ళు ముడుచుకుంటాయి, కాదన్ను. ముడుచుకున్నాక వాటిల్లో ఏదీ నిలవదు. మొన్న బావి దగ్గర చేద తాడు పట్టుకున్నానా, పట్టుకున్నట్టే ఉంది, చూస్తూండగా తాడు పాములా జారిపోయింది, చేద వెళ్ళి నూతిలో పడింది, మా ఆవిడ కాంతం ఒక్క మాట అనకుండా పాతాళభేది కొక్కేలు తెచ్చి దింపింది. ఆ ఒక్క మాట అని ఉంటే బాగుండేది.

ఎదురుగా గోడకి బ్యానరు. పసుపు టోపీ పెట్టుకున్న తెల్లోడు ఒకడు రెండు చేతులూ కట్టుకుని నవ్వుతున్నాడు, ఆ చేతులకి బెల్టంటే ఏవిటో తెలిసినట్టు లేదు. వాడి నెత్తిమీద తెలుగులో పెద్ద అక్షరాలు, గాయపడిన కార్మికుల వృత్తి పునరావాస కార్యక్రమం. అయిదో క్లాసుతో ఆపేసినోణ్ణి కాబట్టి కూడబలుక్కుని చదవాల్సొచ్చింది మొదటిసారి, కానీ మధ్యలో ఉన్న ఆ మాట దగ్గర మాత్రం ఆగక్కర్లేకపోయింది. పునరావాసం. ఆ మాట నాకు బాగా తెలుసు. కొల్లేట్లో సర్కారు చెరువు గట్లు పగలగొట్టిన ఏడాది, మందుపాతర పెడితే మా సొసైటీ చెరువు గట్టు లేచి మళ్ళీ నీళ్ళలోనే పడ్డప్పుడు, చేపలన్నీ ఎటుపడితే అటు పోతూంటే మా నాన్న నడుం లోతు నీళ్ళలో నిలబడి వల కూడా వెయ్యకుండా చూస్తూన్నప్పుడు, జీపుకి మైకు కట్టుకుని వచ్చినాయన ఇదే మాట అన్నాడు, మీ అందరికీ పునరావాసం కల్పించబడుతుంది. కల్పించబడుతుంది అంటే కల్పించేవాడు ఎవడో చెప్పక్కర్లేదు. మా నాన్న పక్కాయన్ని అడిగాడు, ఏం కల్పిస్తారంటరా. ఏదో వాసం అంటన్నారు మావా, కప్పు మీద వేసే వాసాలేమో. గాలివానకి కప్పెగిరిన ఇళ్ళకి వాసాలు ఇస్తారని ఊళ్ళో సగం మంది అనుకున్నారు, కొందరు పాత వాసాలు తీసి పొయ్యిలో కూడా పెట్టేశారు. కొత్తవి ఎవరికొచ్చాయో నాకు తెలీదు, మా వాకిట్లోకి రాలేదు. ఇన్నేళ్ళకి మళ్ళీ వచ్చింది ఆ మాట, ఈసారి నా చేతికి.

అద్దాల తలుపు సందులోంచి చల్లటి గాలి కొంచెం ఇటు తగులుతోంది, దాంతోపాటు మేత వాసన. ఎండు చేపల పొడి, తవుడు, సోయా, ఆవిరి, అన్నీ కలిసిన వాసన, చొక్కాకి పడితే పోదు, బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. ఆ వాసన పడ్డప్పుడల్లా చెయ్యి దానంతటదే ఒకసారి ఉలిక్కిపడుతుంది, పడుకున్న కుక్క కలలో కాలు విదిల్చినట్టు. ఆ రోజు బస్తా ఒకటి బెల్టు మీద అడ్డం తిరిగి రోలరు దగ్గర ఇరుక్కుంది. బెల్టు ఆపి తియ్యాలి. ఆపితే వెనకాల బస్తాలు పోగుపడతాయి, లారీవాడు హారన్ కొడతాడు, సూపర్‌వైజరు పైనించి ఎవడ్రా ఆపింది అంటాడు. అందుకని ఎవ్వరం ఆపం, చేత్తో ఒక్క తోపు తోస్తాం, బస్తా తిరిగిపోతుంది, అదే పద్ధతి, కొత్తగా వచ్చినోడికి మొదటిరోజు నేర్పేది కూడా అదే. నేనే ఎంతమందికి నేర్పానో. ఆ రోజు బస్తా తిరగలేదు, చెయ్యి తిరిగింది. నొప్పి వెంటనే రాలేదు, ముందు ఆశ్చర్యం వచ్చింది, నా చెయ్యి నాకు కనపడకుండా ఎక్కడికి వెళ్ళిందా అని. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే సూపర్‌వైజరు, అదే నోటితో, బెల్టు ఆపకుండా చెయ్యి ఎందుకు పెట్టావయ్యా శంకరం, గోడ మీద రాసి ఉందా లేదా అన్నాడు. నిజమేనండీ, తప్పు నాదేనండీ అన్నాను. వేళ్ళలో నరాలు పోయాయి గాని నోట్లో అండీ మాత్రం చెక్కు చెదరలేదు.

సత్యవతి మళ్ళీ వచ్చింది. టీ తాగుతారా అండీ అంది. వద్దమ్మా అన్నాను. పట్టుకోలేక కాదు, ఎడంచేత్తో పట్టుకుంటే జాలిగా చూస్తుంది, కుడిచేత్తో పట్టుకుంటే ఎవరైనా చూస్తారు. ఇవాళ నా చెయ్యి ఒడిలో పెట్టుకున్న పసిబిడ్డ, కదపకూడదు. దాని మీద ఈ జేబురుమాలు కూడా కాంతమే కప్పింది పొద్దున్న. ఎందుకే అంటే, ఉండనివ్వండి, చూసేవాళ్ళకి తెలియాలి కదండీ అంది. దానికి నా ఆలోచన నేను చెప్పలేదు, అయినా తెలిసిపోయింది. ఏవండీ, నిజం చెప్తే సరిపోదా అంది గుమ్మం దాకా వచ్చి. నిజం చెప్తే వినేవాళ్ళు వేరే ఉంటారే అన్నాను. మా కాంతానికి ఈ ఫ్యాక్టరీ మాటలు ఏవీ అర్థం కావు, అర్థం కాకపోయినా ఊరంతా చెప్పి వస్తుంది. చెయ్యి కట్టు విప్పాక నాకు లైట్ డ్యూటీ వేశారు. అంటే తేలిక పని అని నాకూ రెండు రోజుల దాకా తెలీదు. గేటు పక్కన స్టూలు వేసి, వచ్చే లారీల నంబర్లు నోటితో చెప్తూండు, లోపలి అబ్బాయి కంప్యూటర్లో కొట్టుకుంటాడు అన్నారు. ఇంటికెళ్ళి లైట్ డ్యూటీ వేశారే అన్నాను. అంతే, తెల్లారేసరికి వీధంతా తెలిసిపోయింది, మా ఆయనకి లైట్ల డ్యూటీ ఇచ్చారండీ, కరెంటు పని, కూర్చుని చెయ్యడమేనంట. ఆ సాయంత్రం పక్కింటాయన వెలగని ట్యూబ్‌లైటు ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. శంకరం, ఇది కొంచెం చూసి పెడుదూ, ఒకటే కొట్టుకుంటోంది. నేను నవ్వలేదు. లోపలికి వెళ్ళి పడుకున్నాను. కాంతమే ఆయనకి ఏదో చెప్పి పంపింది, చేతికి షాకు తగలకూడదన్నారండీ డాక్టరుగారు అని. ఇప్పటికీ వీధిలో కొందరు నన్ను లైట్ల శంకరం అంటారు. వెలుగు నాది కాదు, పేరొక్కటే నాది.

పెర్సిస్ అని అమ్మాయి, ఫిజియోథెరపీ చేసేది, ఏలూరు నుంచి స్కూటీ మీద వస్తుంది. ఇందాక నన్ను దాటుకుంటూ లోపలికి వెళ్ళింది, టెన్షన్ పడకండి బాబాయ్‌గారూ అని భుజం మీద తట్టి వెళ్ళింది. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను, రాదు. కట్టు విప్పిన కొత్తల్లో నా చేతి తోలు పాము కుబుసంలా ఊడుతూంటే, నాకే చూడబుద్ధి కాని చేతిని ఆ పిల్ల తన చేతుల్లోకి తీసుకుని ఒక్కొక్క వేలూ విడదీస్తూ, ఇది ఎవరు, ఇది ఎవరు అని అడిగేది, చిన్నపిల్లల్ని అడిగినట్టు. ఇది చచ్చిందండీ అనేవాణ్ణి చూపుడువేలు గురించి. చావలేదు, అలిగింది అనేది. ఒక బేసినులో కోటా బియ్యం పోసి, దాంట్లో చెయ్యి పెట్టి పిసకమనేది, స్పర్శ రావాలంటే అదే మందట. తర్వాత పళ్ళెంలో పరిచి చూపుడువేలితో అక్షరాలు రాయమంది. అ రాయండి బాబాయ్‌గారూ. నేను ఆగిపోయాను. బియ్యంలో అక్షరాలు రాయించడం నాకు ఇంతకుముందు ఒక్కసారే జరిగింది, మా నాన్న ఒళ్ళో, మేష్టారు నా వేలు పట్టుకుని ఓ న మః దిద్దించినప్పుడు. దిద్దించాక ఆ బియ్యం ఆయన తువ్వాల్లో మూట కట్టుకుని వెళ్ళాడు. చదువు నాకు, బియ్యం ఆయనకి అనుకున్నారు ఇంట్లో. ఆఖరికి చదువూ నాకు రాలేదు, అయిదులోనే మా నాన్న నన్ను చెరువు మీద కాపలా పెట్టాడు, నీటికాకులు చేపల్ని ఎత్తుకుపోకుండా డబ్బా వాయించమని. ఇప్పుడు చూడు, జుట్టు నెరిశాక మళ్ళీ ఓనమాలు. మీ పేరు రాయండి అంది. భీమశంకరం అని పూర్తిగా రాద్దామని భ రాశాను, దానికి గుడి పెట్టేసరికి నరం పట్టేసింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి, భి దగ్గరే ఆగిపోయింది. ఫరవాలేదండీ, రేపు దీర్ఘం ఇద్దాం అంది. పక్కకి తిరిగి నవ్వుకున్నాను, చాలా రోజుల తర్వాత. మరి ఈ బియ్యం ఆఖరికి ఏం చేస్తారమ్మా అనడిగాను. పారేస్తామండీ, అందరి చేతులూ పడ్డాయి కదా అంది. ఆ పిల్ల తప్పు కాదు. కానీ ఆ మాట నాలో ఎక్కడో ఇరుక్కుపోయింది, రోలరులో బస్తాలా. పని చెయ్యని చేతులు పడ్డ బియ్యం ఎవరు తింటారు.

ఆ పిల్లదీ కాంట్రాక్టు ఉద్యోగమేనట. ఈ కార్యక్రమంలో ఎంతమంది మళ్ళీ పనిలోకి వెళ్ళారో చూసి వచ్చే ఏడాది ఉంచుతారో లేదో తేలుస్తారట. ఈ సంగతి గోపీచంద్ చెప్పాడు. గోపీచంద్‌కి తెలియని సంగతి ఉండదు, తెలిసి ఒరిగిందీ లేదు. నా పక్కన కుట్టు మిషను మీద ఉండేవాడు, నేను బస్తా చెవులు పట్టుకుని నిలబెడితే వాడు మూతి కుట్టేవాడు, పదేళ్ళు మేం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటూ పని చేశాం, పెళ్ళాల్ని కూడా అంతసేపు చూసి ఉండం. నా చేతికంటే ముందు వాడి భుజం పోయింది, మెట్ల మీంచి పడి. వాణ్ణీ ఇదే బల్ల మీద కూర్చోబెట్టారు, ఇదే పిల్ల వాడి భుజం సాగదీసింది, బాగుపడ్డావన్నారు. మీటింగు పెట్టి, అందరి ముందూ చెయ్యి పైకెత్తమన్నారు, ఎత్తాడు, చప్పట్లు కొట్టారు, పూలగుత్తి ఇచ్చి ఫోటో తీశారు. వేసవి దాటకుండానే పనిలో చురుకు లేదని తీసేశారు. ఇప్పుడు ఉండి ఊరి దగ్గర ఎవరివో చేపల చెరువులు కాస్తున్నాడు. నిన్న ఫోన్ చేశాడు, వెనకాల చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడు, నీళ్ళు కొట్టుకుంటున్నాయి.

ఏం బావా, రేపేనంట గదా నీ పరీక్ష.

అవున్రా.

ముడవకు బావా. ఆళ్ళేం నీ చెయ్యి బాగు చెయ్యట్లేదు, నిన్ను తియ్యడానికి దారి బాగు చేసుకుంటన్నారు. దెబ్బ తగిలినోణ్ణి తియ్యకూడదంట, బాగుపడ్డోణ్ణి తియ్యొచ్చంట. అదీ లెక్క.

మరి నువ్వెందుకెత్తావురా ఆ రోజు?



ఎత్తమన్నారు, ఎత్తాను. అంతమంది చప్పట్లు కొట్టారు బావా. నా పెళ్ళికి కూడా ఎవడూ కొట్టలేదు.

నవ్వాడు, నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక ఆ చెరువు గట్టు మీద వాడు ఒక్కడే నిలబడి ఏ చేత్తో ఫోన్ పట్టుకుని ఉంటాడా అని ఆలోచించాను. పట్టుకున్న చెయ్యి దింపి ఎంతసేపు రుద్దుకుని ఉంటాడా అని.

ముడవకూడదు. వీరేంద్రగారు ఎలా పరీక్ష చేస్తాడో గోపీచంద్ చెప్పాడు, స్ప్రింగు మిషను ఒకటి చేతికిచ్చి నొక్కమంటారట, ముల్లు తిరుగుతుందట, ఆ ముల్లుని చూడకు బావా, చూస్తే పౌరుషం వస్తుంది, గోడ కేసి చూడు అన్నాడు. నిజమే, పౌరుషం అనేది వెధవది, ఎక్కడ అక్కర్లేదో అక్కడే వస్తుంది. గేటు దగ్గర వేలిముద్ర మిషను ఉంది, హాజరుకి. కట్టు విప్పి వచ్చిన రోజున అలవాటు కొద్దీ కుడి బొటనవేలు పెట్టాను. మళ్ళీ ప్రయత్నించండి అంది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ప్రయత్నించండి. వెనకాల వరసలో కుర్రాళ్ళు, బాబాయ్ తుడిచి పెట్టు, బాబాయ్ ఊది పెట్టు. తుడిచాను, ఊదాను, లుంగీకి రాసి పెట్టాను. నా గీతలు పోయాయి, కొత్త తోలు మీద ఇంకా ఏదీ మొలవలేదు. ఇన్నేళ్ళు ఈ గేటులోంచి వెళ్ళినోణ్ణి నేనేనని ఎడంచేతి బొటనవేలితో మళ్ళీ మొదటినుంచీ చెప్పుకోవాల్సొచ్చింది. ఆ రోజు మాత్రం స్ప్రింగు మిషను ఇచ్చి ఉంటే విరగ్గొట్టేవాణ్ణి. ఇవాళ కాదు. ఇవాళ నా దగ్గర పౌరుషం లేదు. నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు, అన్నీ చాపుకుని ఉన్నాయి, ఎండేసిన చేపల్లా.

ఏవండీ, రమ్మంటున్నారండీ అంది సత్యవతి.

లేచాను. జేబురుమాలు జేబులో పెట్టుకుని చెయ్యి వేళ్ళాడేసుకుని లోపలికి వెళ్ళాను. చల్లగా ఉంది. వీరేంద్రగారిని ఒక్క క్షణం గుర్తుపట్టలేదు, నున్నగా గుండు, దాని మీద గంధం, అంచుల్లో ఎండిపోయి పెచ్చులు లేస్తోంది. పెర్సిస్ ఒక మూల కుర్చీలో, ముందు స్ప్రింగు మిషను పెట్టుకుని కూర్చుంది. మిషనుని చూడకూడదని గోడ కేసి చూశాను.

రండి రండి భీమశంకరంగారూ, చాలాసేపు కూర్చోబెట్టేశాం, ఏవనుకోకండి. నిన్న మా వాడి పుట్టువెంట్రుకలు ఇప్పించామండీ చినతిరుపతిలో, వాడితో పాటు నేనూ ఇచ్చేశాను. పొద్దున్నించీ ఫోన్లే ఫోన్లు.

మంచిదండీ అన్నాను. బాబు ఏడ్చాడాండీ అని కూడా అడిగాను, ఎందుకడిగానో.

ఏడవకపోవడమేవిటండీ, కొండ కిందికి వినపడింది, అంటూ నవ్వుతూ లేచి స్టీలు డబ్బా మూత తీశాడు. లడ్డూ చిదిపి, పెద్ద ముక్క తీసి, బల్ల మీద నుంచి వంగి నాకు చాపాడు. ముందు ఇది తీసుకోండి, స్వామి ప్రసాదం.

కుడిచెయ్యి లేచింది. నేను లేపలేదు. దాని కింద ఎడంచెయ్యి వెళ్ళి ఆనుకుంది. అయిదు వేళ్ళూ దగ్గరికి వచ్చి, అలిగిందన్న చూపుడువేలు కూడా వచ్చి, దొన్నెలా ముడుచుకుని ఆ ముక్కని పట్టుకున్నాయి, జీడిపప్పు పలుకు ఒకటి జారబోతే చిటికెనవేలు దాన్ని కూడా లోపలికి తీసుకుంది. కళ్ళకద్దుకున్నాను. నోట్లో వేసుకున్నాను. పచ్చకర్పూరం వాసన ముక్కుకి తగిలాక గానీ నాకు తెలియలేదు నేనేం చేశానో.

పెర్సిస్ నా చేతినే చూస్తోంది. ఆ పిల్ల వాటా ప్రసాదం ఆమె పక్కనే కాగితం మీద అలాగే ఉంది, తర్వాత తింటానండీ అని ఉంటుంది, చర్చికెళ్ళేవాళ్ళకి అలా అనే వీలుంది. ఆమె మొహంలో ముందు సంతోషం వచ్చింది, నా చేత్తో పాటు తనూ ఇన్నాళ్ళు కష్టపడింది కదా, ఎందుకు రాదు. నా కళ్ళలోకి చూశాక అది పోయింది.

చూశారా మేడమ్, మీరేమో ఇంకా టైము పడుతుందంటున్నారు ఇందాకట్నించీ. ఎంత చక్కగా ముడిచారో చూడండి. అంతా స్వామి దయ.

సర్, అది కాదు సర్, ముడవడం వరకే వచ్చింది. బరువు పట్టే సత్తువ ఇంకా లేదు. బోర్డుకి పంపమనే నేను చెప్తున్నది. ఒక్కసారి గ్రిప్ చూద్దాం సర్, అని ఆ పిల్ల మిషను చేతిలోకి తీసుకుంది.

అంటే ఇంతసేపూ తలుపవతల ఆ పిల్ల నా కోసమే మాట్లాడుతోంది. నేను బల్ల మీద కూర్చుని అందర్నీ తిట్టుకుంటున్నాను.

పనిలో పడితే సత్తువ అదే వస్తుందండీ, మెషీన్లకేం తెలుస్తుంది, కళ్ళెదురుగా కనపడుతూంటే, అన్నాడు వీరేంద్రగారు. ఆ మాటలో మోసం ఏమీ లేదు. మోసం ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేది. పొద్దున్నించీ గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ పెడుతున్నట్టే నాకూ పెట్టాడు, పెట్టినవాడి మొహం నిజంగానే సంతోషంగా ఉంది, నా చెయ్యి బాగుపడిందని నిజంగానే అనుకున్నాడు. డబ్బా మూత పెట్టి, వేళ్ళకంటిన నెయ్యి గుండుకి రాసుకుని కూర్చున్నాడు.

అయితే రేపు ఫస్ట్ షిఫ్టుకి వచ్చేస్తారు కదండీ, అన్నాడు.

పెర్సిస్ నన్నే చూస్తోంది, చెప్పండి బాబాయ్‌గారూ అన్నట్టు. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. ఒక్క మాటే. కానీ నోటినిండా ప్రసాదం. ప్రసాదం నోట్లో పెట్టుకుని పెట్టినాయనకి ఎదురు చెప్పడం మా ఇళ్ళల్లో లేదు. తల ఊపాను.